సీటు బెల్టు హెచ్చరిక తప్పుగా మోగుతుంటే లోపం ఎక్కడుందో వెతికే పద్ధతి

సీటు బెల్టు పెట్టుకున్న తరువాత కూడా మీటరు బోర్డు మీద ఎర్ర బొమ్మ ఆరకుండా మోత మోగుతూనే ఉండటం, పక్క సీటులో ఎవరూ లేకపోయినా ఎవరో బెల్టు లేకుండా కూర్చున్నట్టు కారు హెచ్చరించడం, కారు నాలుగేళ్లు పాతబడ్డాక చాలామందికి ఎదురయ్యే ఇబ్బందులు. చెన్నై వంటి ఊరిలో సముద్రపు గాలి, ఏటా వచ్చే వాన నీరు ఈ ఇబ్బందిని మరికాస్త ముందుకు జరుపుతాయి. లోపం చాలాసార్లు చిన్నదే అయినా, దాన్ని వెతకడానికి ఒక వరుస ఉంది. ఆ వరుస తప్పితే అనవసరంగా భాగాలు మార్చి డబ్బు పోగొట్టుకోవడమో, ఎయిర్‌బ్యాగ్ వైర్ల జోలికి వెళ్లి ప్రమాదం తెచ్చుకోవడమో జరుగుతుంది. ఆ వరుసను, ప్రతి మెట్టు దగ్గర ఏది ఇంట్లో చేసుకోవచ్చో, ఏది చేయకూడదో ఇక్కడ వివరిస్తున్నాను.

మా కారులో ఈ సమస్య 2024 మార్చిలో మొదలైంది. నెల్లూరు నుంచి మా అమ్మను తీసుకుని చెన్నై వస్తున్నాము. సూళ్లూరుపేట దాటి తడ దగ్గరికి వచ్చేసరికి ఆమె కూర్చున్న ముందు సీటుకు హెచ్చరిక మొదలైంది. "పెట్టుకునే ఉన్నాను కదా నాయనా, ఇంకా ఎందుకు మోగుతోంది?" అంటూ ఆమె నాలుగుసార్లు బెల్టు తీసి మళ్లీ పెట్టుకుంది. నాలుగుసార్లూ క్లిక్ మనే చప్పుడు స్పష్టంగా వినిపించింది, అయినా దీపం ఆరలేదు. కాసేపటికి కాళ్లు చాపుకోవడానికి సీటును కొంచెం వెనక్కి జరుపుకోగానే మోత దానంతటదే ఆగిపోయింది. లోపం ఎక్కడుందో కారు ఆ క్షణంలోనే చెప్పేసిందని నాకు రెండు వారాల తరువాత గాని అర్థం కాలేదు. ఆ రెండు వారాలలో పడిన అవస్థ ఈ వ్యాసం చదివినవారికి తప్పాలన్నది నా కోరిక.

హెచ్చరిక ఎలా పనిచేస్తుంది

బెల్టు చివర ఉండే లోహపు నాలుక వెళ్లి కూర్చునే ఎర్ర మీట ఉన్న పెట్టెను బకిల్ అంటారు. దాని లోపల ఒక చిన్న స్విచ్ ఉంటుంది. కొన్ని కార్లలో అది మామూలు మైక్రోస్విచ్, కొన్నింటిలో అయస్కాంతంతో పనిచేసే సెన్సర్. నాలుక లోపలికి వెళ్లి లాక్ పడగానే ఆ స్విచ్ స్థితి మారుతుంది. ఆ సమాచారం బకిల్ అడుగు నుంచి బయలుదేరే సన్నటి వైర్ల గుండా సీటు కింద ఉన్న కనెక్టరుకు, అక్కడి నుంచి కార్పెట్ కింద పరచిన వైరింగు గుండా కంట్రోల్ యూనిట్‌కు చేరుతుంది. చాలా కార్లలో ఆ యూనిట్ ఎయిర్‌బ్యాగ్‌ను నడిపేదే. ముందు పక్క సీటుకు దీనితో పాటు మరో సెన్సర్ ఉంటుంది. కుషన్ స్పాంజికి, పై గుడ్డకు మధ్య పరచిన పలుచటి ప్లాస్టిక్ పొర అది. దాని మీద బరువు పడితే సీటులో మనిషి ఉన్నట్టు లెక్క. డ్రైవరు లేకుండా కారు కదలదు కాబట్టి డ్రైవరు సీటుకు సాధారణంగా ఈ పొర పెట్టరు.

ఈ స్విచ్ మాటను వినేది మోగే గంట ఒక్కటే అనుకోవడం వల్లనే చాలామంది దీన్ని తేలికగా తీసుకుంటున్నారు. ప్రమాదం జరిగిన క్షణంలో బెల్టును వెనక్కి గుంజి బిగించే ప్రిటెన్షనర్‌ను పేల్చాలా వద్దా, ఎయిర్‌బ్యాగ్‌ను ఎంత తాకిడికి తెరవాలి అన్న నిర్ణయాలకు కూడా అనేక కార్లలో ఇదే స్విచ్ ఇచ్చే సమాచారం ఆధారం. బెల్టు పెట్టుకున్న మనిషిని పెట్టుకోలేదని స్విచ్ చెబితే, లేదా పెట్టుకోని మనిషిని పెట్టుకున్నాడని చెబితే, ఆ తప్పు గంట దగ్గరే ఆగిపోదు. మోత ఆగడంతో సరిపెట్టుకోకుండా, స్విచ్ నిజం చెప్పేవరకు వెతకాలని నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఇదే.

ముందుగా చూడవలసిన దీపం

ఇగ్నిషన్ ఆన్ చేయగానే మీటరు బోర్డు మీద దీపాలన్నీ కొన్ని క్షణాలు వెలిగి ఆరిపోతాయి. అందులో ఛాతీ మీదుగా అడ్డంగా గీత ఉన్న మనిషి బొమ్మ సీటు బెల్టుది. మనిషి ముందు గుండ్రటి బంతి ఉన్న బొమ్మ ఎయిర్‌బ్యాగ్‌ది. రెండూ పక్కపక్కనే ఉండటం వల్ల తికమక పడటం సహజం. ఈ రెండో దీపం ఆరకుండా నిలిచి ఉంటే ఈ వ్యాసంలోని తనిఖీలు ఏవీ చేయకుండా నేరుగా సర్వీస్ సెంటర్‌కు తీసుకువెళ్లాలి. ఆ దీపం వెలిగి ఉన్నంతసేపు ప్రమాదంలో ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోకపోవచ్చు. బెల్టు దీపం ఒక్కటే వెలుగుతూ ఎయిర్‌బ్యాగ్ దీపం మామూలుగా ఆరిపోతున్నప్పుడు మాత్రమే ఇంట్లో వెతకడం మొదలుపెట్టాలి.

తరువాత లోపం ఏ రకానిదో తేల్చుకోవాలి. బెల్టు పెట్టుకున్నా మోగుతుంటే అనుమానం బకిల్ మీద, దాని వైర్ల మీద ఉండాలి. ఖాళీ సీటుకు మోగుతుంటే కుషన్‌లోని పొరను అనుమానించాలి. మూడో రకం ఇంకొకటి ఉంది. బెల్టు పెట్టుకోకపోయినా దీపం వెలగదు, మోత ఉండదు. ఇది ఎవరినీ ఇబ్బంది పెట్టదు కాబట్టి ఎవరూ దీన్ని లోపంగా గుర్తించరు, మూడింటిలోనూ ప్రమాదకరమైనది ఇదే. నిలిపి ఉన్న కారులో ఇగ్నిషన్ ఆన్ చేసి, బెల్టు పెట్టుకోకుండా ఒకసారి డ్రైవరు సీటులో, ఒకసారి మనిషిని కూర్చోబెట్టి పక్క సీటులో దీపం వెలుగుతుందో లేదో చూస్తే అర నిమిషంలో తెలిసిపోతుంది. ఇంట్లో ఉన్న ప్రతి కారుకూ ఈ పరీక్ష నెలకొకసారి చేయడం మంచిది.

పరికరాలు పట్టుకునే ముందు

ముందు సీటు మీద ఏముందో చూడాలి. కోయంబేడు నుంచి తెచ్చిన కూరగాయల సంచి, ల్యాప్‌టాప్ బ్యాగు, ఇంటికి తెచ్చుకునే 20 లీటర్ల నీళ్ల క్యాన్, వీటిలో ఏది ఆ సీటు మీద పెట్టినా కారు మనిషి కూర్చున్నట్టే లెక్కవేస్తుంది. అది లోపం కాదు. సెన్సర్ తన పని తాను చేస్తోంది. అటువంటి బరువులను డిక్కీలోకి మార్చితే సరిపోతుంది. వాటిని సీటు మీదే ఉంచి బెల్టు పెట్టేసి మోత ఆపడం అలవాటైతే, ఆ తరువాత ఎవరు కూర్చున్నా బెల్టు వారి వెనకే ఉండిపోతుంది.

వెనక సీటులో హెచ్చరిక ఉన్న కార్లలో మధ్య బెల్టు, పక్క బెల్టు ఒకదాని బకిల్‌లో ఒకటి పెట్టడం తరచుగా జరుగుతుంది. కొన్ని కార్లలో నాలుక వెడల్పు వేరుగా ఉండి ఒకటి మరొకదానిలో పట్టదు. మరికొన్నింటిలో పట్టినట్టే పట్టి, ఒక సీటు స్థితి మరో సీటు పేరిట నమోదవుతుంది. మూడు బెల్టులనూ తీసి, ఏది ఎక్కడిదో చూసుకుని మళ్లీ పెట్టి చూడాలి.

ఇక సీటు కవర్లు. కొత్త కవర్లు వేయించిన వారం పది రోజులలో హెచ్చరిక మొదలైతే దాదాపుగా కారణం అదే. కవరు బాగా బిగుతుగా ఉంటే ఆ బిగువే కుషన్‌లోని పొరను నొక్కి ఉంచుతుంది. కవరును సీటు కిందికి లాగి కట్టే ఎలాస్టిక్ పట్టీలు, కొక్కేలు అక్కడి వైర్లకు తగులుకుని, సీటు జరిపినప్పుడల్లా వాటిని లాగుతుంటాయి. జనరల్ ప్యాటర్స్ రోడ్డులో కవర్లు వేయించుకునేవారు పని జరుగుతున్నంతసేపు పక్కనే నిలబడి, కింది కొక్కేలు దేనికి తగిలిస్తున్నారో చూసుకోవాలి. సీటు పక్కన ఎయిర్‌బ్యాగ్ గుర్తు ఉన్న కార్లకు, ఆ భాగాన్ని కప్పని కవర్లు మాత్రమే వేయించాలి.

బకిల్ పరీక్ష

పగటి వెలుతురులో, మొబైల్ టార్చి వేసి బకిల్ నోటిలోకి చూడాలి. పిల్లలున్న ఇంటి కారైతే అందులో బిస్కెట్ పొడి, జంతికల ముక్కలు, చింతగింజ, రూపాయి నాణెం, చాక్లెట్ కాగితం వంటివి కనిపించడం ఆశ్చర్యం కాదు. అవి అడుగుకు చేరితే నాలుక చివరిదాకా దిగదు. లాక్ పడినట్టు చప్పుడు వచ్చినా, స్విచ్‌ను నొక్కే పలక చివరి వెంట్రుకవాసి దూరం కదలక స్థితి మారదు. ఎర్ర మీట నొక్కినప్పుడు నాలుక ఎంత చురుగ్గా బయటికి తన్నుకొస్తుందో చూడండి. డ్రైవరు వైపు బకిల్‌తో పోల్చితే తేడా వెంటనే తెలుస్తుంది. బద్ధకంగా వస్తుంటే లోపల ఏదో అడ్డుపడుతున్నట్టే.

శుభ్రం చేయడానికి వ్యాక్యూమ్ క్లీనర్‌కు సన్నటి మూతి తగిలించి పీల్చడం అన్నిటికన్నా మంచి పద్ధతి. బకిల్‌ను తలకిందులుగా వంచగలిగితే వంచి మెల్లగా తట్టాలి. కెమెరాలు శుభ్రం చేసే చేతి బ్లోయరుతో గాలి కొట్టవచ్చు. పిన్నీసు, స్క్రూడ్రైవరు, కొబ్బరి ఈనె, ఇటువంటివేవీ లోపలికి దూర్చకూడదు, ఎందుకంటే లోపలి స్ప్రింగు గాని స్విచ్ పలక గాని ఒకసారి వంగితే బకిల్ మొత్తం మార్చవలసి వస్తుంది. కొబ్బరినూనె, మెషిన్ ఆయిల్, తుప్పు వదిలించే స్ప్రే ఇవి కూడా వద్దు. వేసిన రోజున బకిల్ నున్నగా పనిచేస్తుంది గాని, ఆ జిడ్డు దుమ్మును పట్టి నెల రోజులలో ముద్దగా మారుతుంది. కాఫీయో, కూల్ డ్రింకో ఒలికి చక్కెర గడ్డకట్టిన బకిల్‌ను ఇంట్లో బాగుచేయడానికి ప్రయత్నించకుండా మార్చించడమే నా సలహా.

శుభ్రం చేశాక బెల్టు పెట్టి, గట్టిగా రెండుసార్లు గుంజి చూడాలి. ఒక్కసారి ఊడివచ్చినా సరే, దీపం సంగతి అటుంచి ఆ సీటులో మనిషిని కూర్చోబెట్టకూడదు. లాక్ గట్టిగా ఉందని తేలిన తరువాత ఇగ్నిషన్ ఆన్ చేసి, పదిసార్లు బెల్టు పెడుతూ తీస్తూ దీపాన్ని గమనించాలి. పదిసార్లలో రెండు మూడుసార్లు మాత్రమే తప్పు చూపిస్తుంటే బెల్టు పెట్టి ఉంచి బకిల్‌ను ఎడమకు, కుడికి, ముందుకు, వెనక్కి మెల్లగా వంచి చూడండి. ఏదో ఒక కోణంలో దీపం వెలిగి, వదిలేయగానే ఆరిపోతుంటే, లోపలి స్విచ్ అరిగిపోయిందనో, బకిల్ మొదట్లో వైరు తెగడానికి సిద్ధంగా ఉందనో అర్థం. ఈ రెండింటికీ మందు ఒకటే, బకిల్ మార్చడం.

సీటు జరిపి చూడటం

మా అమ్మ తడ దగ్గర తెలియకుండా చేసిన పరీక్ష ఇదే. కారు చదునైన చోట నిలిపి, హ్యాండ్‌బ్రేకు వేసి, ఇగ్నిషన్ ఆన్ చేయాలి. అనుమానం ఉన్న సీటులో ఒకరు కూర్చుని బెల్టు పెట్టుకుని, సీటును పూర్తిగా ముందుకు, మళ్లీ పూర్తిగా వెనక్కి చాలా మెల్లగా జరపాలి. మరొకరు మీటరు బోర్డు మీద నుంచి కళ్లు తిప్పకుండా చూడాలి. సీటు ఒక స్థానానికి రాగానే దీపం వెలగడం, మరో స్థానంలో ఆరడం జరిగితే లోపం బకిల్‌లో లేదు. అది సీటు కింది వైరులోనో, కనెక్టరులోనో ఉంది. ఈ పరీక్షకు రూపాయి ఖర్చు లేదు, రెండు నిమిషాలు చాలు. దీన్ని చేయకుండానే బకిల్ మార్చమని చెప్పే వారి మాట వినకూడదు. మాకు మొదట అదే చెప్పారు. నేనూ ఒప్పుకుని కొత్త బకిల్ వేయించాను. ఇంటికి తిరిగి వచ్చే దారిలోనే మోత మళ్లీ మొదలైంది.

సీటును పూర్తిగా వెనక్కి జరిపి ముందు నుంచి, పూర్తిగా ముందుకు జరిపి వెనక సీటు వైపు నుంచి టార్చి వేసి కిందికి చూడాలి. పట్టాల మధ్య వేలాడుతున్న వైరు, పట్టా పళ్లలో నలిగిన తొడుగు, వైర్లకు ఒరుసుకుంటున్న గొడుగు, నీళ్ల సీసా, తప్పిపోయిన చెప్పు, ఇవన్నీ కళ్లకు కనిపించేవే. అడ్డం ఉన్న వస్తువులను తీసేయవచ్చు. అంతకు మించి చేయి పెట్టే ముందు ఒక్క మాట గుర్తుంచుకోవాలి. సీటు కింద పసుపు రంగు కనెక్టరు గాని, పసుపు తొడుగు వేసిన వైరు గాని కనిపిస్తే అది ఎయిర్‌బ్యాగ్‌కో, ప్రిటెన్షనర్‌కో వెళ్లేది. వాటిలో చిన్న పేలుడు మందు ఉంటుంది. వాటిని లాగకూడదు, విడదీయకూడదు, విద్యుత్తును కొలిచే మల్టీమీటర్ పెట్టకూడదు. తీగ నిరోధాన్ని (ఓమ్స్) కొలిచేటప్పుడు మల్టీమీటర్ తన బ్యాటరీ నుంచి కొద్దిపాటి కరెంటును ఆ తీగ గుండా పంపుతుంది, ఆ కొద్దిపాటి కరెంటే దాన్ని పేల్చే ప్రమాదం ఉంది. కొన్ని కార్లలో ప్రిటెన్షనర్ బకిల్ మొదట్లోనే అమర్చి ఉంటుంది కాబట్టి, బకిల్ నుంచి వచ్చే వైరే కదా అని ధైర్యం చేయడం కూడా తప్పే.

మరో జాగ్రత్త. ఇగ్నిషన్ ఆన్‌లో ఉండగా సీటు కింద ఏ కనెక్టరునూ కదిలించి ఊడదీయకూడదు. చాలా కార్లలో అలా చేసిన మరుక్షణం ఎయిర్‌బ్యాగ్ దీపం వెలిగి, లోపాన్ని సూచించే ఒక కోడ్ కంట్రోల్ యూనిట్‌లో నమోదవుతుంది. కనెక్టరును తిరిగి పెట్టినా అది పోదు, కోడ్‌లను చదివే స్కానర్‌తో తుడవవలసిందే. ఎయిర్‌బ్యాగ్ వైరింగు తెలిసిన ఎలక్ట్రీషియన్ ఈ పని చేసేటప్పుడు ముందుగా బ్యాటరీ నెగటివ్ టెర్మినల్‌ను విప్పి, ఆ కారు మాన్యువల్‌లో చెప్పినంతసేపు ఆగుతాడు. బ్యాటరీ తెగిపోయినా ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోవడానికి కావలసిన విద్యుత్తును కంట్రోల్ యూనిట్ తన కెపాసిటర్‌లో దాచుకుంటుంది. అది ఖాళీ కావడానికి ఆ వ్యవధి అవసరం. బ్యాటరీ విప్పకుండానే సీటు కింద చేయి పెట్టే మనిషి కనిపిస్తే, మర్యాదగా ఆపించి కారును వెనక్కి తెచ్చుకోండి.

చెన్నై నీరు

2023 డిసెంబరు 3, 4 తేదీలలో మిగ్‌జాం తుపాను బాపట్ల వైపు వెళుతూ చెన్నైని ముంచెత్తినప్పుడు, వేళచ్చేరిలో మా కారు వీధిలోనే నిలిచిపోయింది. నీరు సీట్ల దాకా రాలేదు. తలుపుల అడుగు దాటి, కాళ్లు పెట్టే చోట నాలుగు వేళ్ల లోతున నిలిచింది. నీరు తీసేసి, మ్యాట్లు ఎండబెట్టి, రెండు రోజులు తలుపులు తెరిచి ఉంచాము. కార్పెట్ మీద చేయి పెడితే పొడిగానే తగిలింది, కారు కూడా మామూలుగానే స్టార్టయింది. పని అయిపోయిందనుకున్నాము.

కార్పెట్ కింద మందపాటి స్పాంజి ఉంటుంది. అది నీటిని వారాల తరబడి పట్టి ఉంచుతుంది. పైన పొడిగా ఉన్నా కింద తడి ఆవిరై, మూసి ఉన్న కారులో పైకి లేచి, సీటు కింది కనెక్టరు లోపల చల్లబడి చెమ్మగా దిగుతుంది. వీధి నీటిలోని లవణాలు, సముద్రపు గాలిలోని ఉప్పు దానికి తోడవుతాయి. కనెక్టరు పిన్నుల మధ్య వోల్టేజి ఉన్నంతసేపు ఆ తడి లోహాన్ని కొరుకుతూనే ఉంటుంది. బకిల్ వైర్లలో నడిచేది మిల్లీ ఆంపియర్లలో కొలిచే అతి చిన్న కరెంటు. హెడ్‌లైటు వంటి పెద్ద కరెంటు దారిలో లెక్కలోకి రాని పలుచటి చిలుము పొర కూడా ఇక్కడ స్విచ్ మాటను మార్చేస్తుంది.

చివరికి మేము కారు చూపించిన మూడోచోట, అనుభవం ఉన్న ఒక ఎలక్ట్రీషియన్ బ్యాటరీ విప్పి, టీ తాగి వచ్చి, ఆ తరువాత కనెక్టరు తెరిచి చూపించాడు. ఆరు పిన్నులలో నాలుగు మెరుస్తూ ఉన్నాయి. అయిదోదాని మొదట్లో, ఎన్నాళ్లుగానో తోమని రాగి చెంబు అంచున కనిపించే పచ్చటి చిలుము అంటుకుని ఉంది. ఆరోది సగం వరకు సన్నబడిపోయింది. "సార్, ఇది డిసెంబరు వాన" అన్నాడు ఆయన. అప్పటికి మార్చి ముగిసిపోతోంది. సీటు వెనక్కి జరిగినప్పుడు వైరు వదులై పిన్ను ఒక పక్కకు ఒరిగి తగిలేది, ముందుకు జరిగితే ఎడమయ్యేది. ఆయన తుడిచి పెట్టలేదు. సన్నబడిన పిన్ను తుడిస్తే నెల ఆగుతుందని చెప్పి, కనెక్టరును రెండు వైపులా కొత్తది తెప్పించి వేశాడు. నాకు ఆ నిర్ణయం సరైనదని ఇప్పటికీ అనిపిస్తుంది. పైపై చిలుము మాత్రమే ఉండి పిన్ను దృఢంగా ఉంటే ఎలక్ట్రికల్ కాంటాక్ట్ క్లీనర్‌తో శుభ్రం చేసి ఆరనిస్తే చాలు. లోహమే తరిగిపోయినప్పుడు మార్చాలి. వైరును కత్తిరించి మెలిపెట్టి ఇన్సులేషన్ టేపు చుట్టడం ఈ వైర్ల విషయంలో ఎంతమాత్రం పనికిరాదు.

అందువల్ల కారులోకి కొద్దిగా నీరు వచ్చినా, తలుపు దగ్గరి ప్లాస్టిక్ పట్టీ తీయించి కార్పెట్ అంచును ఎత్తి, కింది స్పాంజిని చేత్తో పిండి చూడాలి. తడి తగిలితే కార్పెట్‌ను పూర్తిగా లేపి ఆరబెట్టించాలి. అదే సమయంలో సీటు కింది కనెక్టర్లను విప్పించి చూడటం చాలా మంచిది.

ఖాళీ సీటుకు మోగుతుంటే

సీటు మీద ఏమీ లేదని, కవరు బిగుతు కాదని తేలిన తరువాత, ఇగ్నిషన్ ఆన్ చేసి ఖాళీ సీటును అరచేతితో అక్కడక్కడా నొక్కి వదలాలి. నొక్కినప్పుడు దీపం వెలిగి, వదిలిన కొన్ని క్షణాలకు ఆరితే పొర బాగానే ఉంది. ఒకచోట నొక్కి వదిలాక ఆరకుండా నిలిచిపోతుంటే పొరలోని ఆ గడి అతుక్కుపోయినట్టు. సీటు మీద మోకాళ్లు పెట్టి ఎక్కి వెనక సీటులో వస్తువులు సర్దడం ఈ పొరకు పెద్ద శత్రువు, బరువంతా ఒకేచోట పడి అది మడత పడుతుంది. నీళ్లు ఒలికి మొదలైన లోపమైతే ఎండలో అద్దాలు దించి రెండు మూడు రోజులు ఆరనివ్వాలి. హెయిర్ డ్రయ్యర్ దగ్గరగా పెట్టి వేడి చేస్తే పలుచటి పొర ముడుచుకుపోతుంది. ఆరినా తగ్గకపోతే పొర మార్చాలి. అందుకు సీటు విప్పి గుడ్డ ఊడదీయాలి, కొన్ని కార్లకు పొరను కుషన్‌తో కలిపే ఇస్తారు. ఈ పని ఇంట్లో చేసేది కాదు.

స్కానర్ ఏం చెబుతుంది

ఆన్‌లైన్‌లో చవకగా దొరికే చిన్న స్కానర్లు సాధారణంగా ఇంజిన్‌కు సంబంధించిన, పీ అక్షరంతో మొదలయ్యే కోడ్‌లను మాత్రమే చదువుతాయి. బెల్టు, ఎయిర్‌బ్యాగ్ కోడ్‌లు బీ అక్షరంతో మొదలవుతాయి, వాటికి ఎయిర్‌బ్యాగ్ యూనిట్‌తో మాట్లాడగల స్కానర్ కావాలి. మామూలు స్కానర్ "కోడ్‌లు లేవు" అని చూపించినంత మాత్రాన లోపం లేదని నమ్మకూడదు. సర్వీస్ సెంటర్‌లో కోడ్ చదివించడంతో ఆగకుండా లైవ్ డేటా చూపించమని అడగండి. బెల్టు పెట్టగానే తెరమీద ఆ సీటు స్థితి మారుతుందా, కూర్చుని లేచినప్పుడు ఖాళీ అని చూపిస్తుందా అన్నది మీ కళ్లతో చూడవచ్చు. లైవ్ డేటా నడుస్తుండగా సీటు జరిపే పరీక్ష చేయిస్తే, ఏ మూల లోపం ఉందో వాదనకు తావు లేకుండా తెలుస్తుంది. అయస్కాంతపు సెన్సర్ ఉన్న బకిళ్లను మల్టీమీటర్‌తో కొలిచినా అర్థవంతమైన విలువ రాదు కాబట్టి, వాటికి ఈ దారి ఒక్కటే సరైనది. బ్యాటరీ బలహీనపడినప్పుడు అర్థం లేని కోడ్‌లు కొన్ని నమోదు కావడం మామూలే. వాటిని తుడిచి, బ్యాటరీ సరిచూసి, మళ్లీ వస్తాయేమో చూస్తే సరి.

బకిల్ నోటిలో పెట్టే క్లిప్పు

మేము వెళ్లిన మొదటి దుకాణంలో, కొత్త బకిల్ ఖర్చు ఎక్కువ అనిపిస్తే ఇది పెట్టుకోండి అంటూ ఒక చిన్న లోహపు క్లిప్పు చేతిలో పెట్టారు. అది బెల్టు లేని నాలుక మాత్రమే. బకిల్‌లో గుచ్చితే మోత ఆగుతుంది. కంట్రోల్ యూనిట్‌కు మాత్రం ఆ సీటులో మనిషి బెల్టు పెట్టుకున్నాడన్న అబద్ధం చేరుతుంది, ఎయిర్‌బ్యాగ్ లెక్క ఆ అబద్ధం మీద నడుస్తుంది. బెల్టు లేకుండా ముందుకు విసురుగా వచ్చే మనిషికి ఎయిర్‌బ్యాగ్ రక్షణ కాకపోగా గాయపరిచే వస్తువు అవుతుంది. 2023 మేలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఇటువంటి క్లిప్పులు అమ్ముతున్న ఐదు ఈ-కామర్స్ సంస్థలపై ఉత్తర్వులు జారీ చేసి, 13,118 అమ్మకపు ప్రకటనలను తొలగింపజేసింది. బకిల్ స్విచ్ వైర్లు రెండింటినీ కలిపి ముడివేయడం కూడా అటువంటిదే. అది బయటికి కనిపించదు కాబట్టి ఇంకా చెడ్డది. కారు అమ్మేసిన తరువాత కొనుక్కున్నవారికి ఆ సంగతి తెలిసే దారే ఉండదు.

మన దేశంలో 2019 జులై 1 నుంచి తయారయ్యే కార్లకు డ్రైవరుకు, పక్క సీటుకు బెల్టు హెచ్చరిక తప్పనిసరి అయింది. బెల్టు పెట్టుకోకపోతే మోటారు వాహనాల చట్టం 194బీ సెక్షన్ కింద 1000 రూపాయల జరిమానా ఉంది. వెనక సీటులో ముందుకు చూసి కూర్చునేవారు కూడా బెల్టు పెట్టుకోవాలన్నది 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాలలోని 138వ నియమం. హెచ్చరిక పాడైందన్నది బెల్టు పెట్టుకోకపోవడానికి సాకు కాదు. లోపం వెతికే రోజులలో మోత భరిస్తూనే బెల్టు పెట్టుకుని తిరగాలి.

విడిభాగాల గురించి ఒక్క సంగతి. పుదుపేటలో పాత కార్ల భాగాలు దొరుకుతాయి. తలుపు పిడి, అద్దం, డిక్కీ మూత వంటివి అక్కడ కొనుక్కోవడంలో నాకు అభ్యంతరం లేదు. బకిల్, బెల్టు, ప్రిటెన్షనర్ మాత్రం పాతవి కొనకూడదు. అది ప్రమాదానికి గురైన కారుదో, మునిగిన కారుదో చూసి చెప్పడం సాధ్యం కాదు, ఒకసారి పేలిన ప్రిటెన్షనర్ మళ్లీ పనిచేయదు. మీ కారు మోడల్, తయారైన సంవత్సరం, ఛాసిస్ నంబరు చెప్పి కంపెనీ భాగమే తెప్పించుకోండి. పాత భాగాన్ని చూపించమని, బిల్లు మీద భాగం నంబరు రాయమని అడగడం మీ హక్కు.

బాగయిన తరువాత

కారు చేతికి ఇచ్చేటప్పుడు అక్కడే ఇగ్నిషన్ ఆన్ చేసి, రెండు దీపాలూ వెలిగి ఎయిర్‌బ్యాగ్ దీపం ఆరిపోవడం చూడాలి. బెల్టు లేకుండా కూర్చుంటే బెల్టు దీపం వెలగాలి, పెట్టుకుంటే ఆరాలి, ఖాళీ సీటుకు వెలగకూడదు. ఈ మూడింటినీ సీటు ముందున్నప్పుడు ఒకసారి, మధ్యలో ఒకసారి, వెనక ఒకసారి చూడాలి. తరువాత రద్దీ లేని వీధిలో గతుకుల మీద రెండు కిలోమీటర్లు నడిపించి, మళ్లీ కోడ్‌లు చదివించాలి. వారం రోజులు మోగకపోతే ఆ మరమ్మతు నిలిచినట్టే. మోగితే బిల్లు పట్టుకుని వెంటనే తిరిగి వెళ్లాలి, ఎందుకంటే ఆలస్యం అయ్యేకొద్దీ అది కొత్త లోపమని అనడం వారికి సులువవుతుంది.

మేము ఏప్రిల్‌లో అమ్మను నెల్లూరులో దింపడానికి వెళ్లినప్పుడు, ఆమె సీటును ముందుకు ఒకసారి, వెనక్కి ఒకసారి తనే జరిపి చూసుకుంది. దీపం వెలగలేదు. ఇప్పుడు ప్రతి ఏడాది జనవరిలో, ఈశాన్య రుతుపవనాల వానలు ముగిశాక, కార్పెట్ అంచు ఎత్తి స్పాంజి పిండి చూసి, సీటు కింది కనెక్టర్లు విప్పించి, ఆ తేదీని సర్వీస్ పుస్తకంలో రాసి పెడుతున్నాను.